వార్ట్‌హాగ్‌లు తిరిగే వీధిలో ఇంటి బడి నడపడం ఎలా

బోట్స్వానా ఉత్తరపు కొసన కసానే అని చిన్న ఊరుంది. నాలుగేళ్లుగా మా కాపురం అక్కడే. చోబే నది మా ఇంటికి కిలోమీటరు దూరం. చోబే నేషనల్ పార్కు ఊరి అంచునే మొదలవుతుంది. ఊరికీ అడవికీ మధ్య కంచె లేదు. పొద్దున పాల ప్యాకెట్‌కి వెళ్తే వార్ట్‌హాగ్‌లు, అంటే కోరలున్న ఇక్కడి అడవి పందులు, ముందు మోకాళ్ల మీద వంగి రోడ్డు పక్క గడ్డి మేస్తూ ఉంటాయి. మా అమ్మాయికి 11, చిన్నోడికి 8. ఇద్దరికీ చదువు ఇంట్లోనే.

ఈ చుట్టుపక్కల దేశాల్లో ఉద్యోగం వచ్చిన తెలుగువాళ్లు ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతుంటారు, పిల్లల్ని ఇంట్లో చదివించొచ్చా, జంతువులంటే టెన్షన్ లేదా అని. ఒక్కొక్కరికీ ముక్కముక్కలుగా చెప్పే బదులు ఇక్కడ రాసిపెడుతున్నాను. ముందుగా ఒక్క మాట. ఇలాంటి ఊళ్లో బడి టైం టేబుల్ మీరు వేయరు. ఏనుగులూ నీటిగుర్రాలూ వేస్తాయి. మీరు చేయాల్సిందల్లా వాటి వేళలు తెలుసుకుని, మిగిలిన గంటల్లో లెక్కలూ తెలుగూ సర్దుకోవడం.

ఇల్లు చూసేటప్పుడే బడి మొదలు

అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు వంటగది, నీళ్లు, కరెంటు సంగతి తర్వాత. ముందు పక్కింటివాళ్లను అడగండి, ఏనుగులు నదికి ఏ దారిన దిగుతాయని. కసానే, కజుంగులా వైపు ఇళ్ల వరసల మధ్య జంతువుల కోసం వదిలిన ఖాళీ దారులున్నాయి. కారిడార్ అంటారు. అడవి లోపల నీటి గుంటలు ఎండిపోయే మే నుంచి అక్టోబరు దాకా ఏనుగులు మధ్యాహ్నం దాటాక ఆ దారుల్లోంచి నదికి దిగుతాయి. కారిడార్‌ని ఆనుకున్న ఇల్లు పిల్లలకు పండగే, కానీ కంచె గట్టిగా ఉండాలి, పైన వరండా ఉండాలి. ఆ రెండూ లేకపోతే రెండు వీధులు ఇవతలికి వచ్చేయండి.

ఇంకో సంగతి. పెరట్లో మామిడి చెట్టున్న ఇల్లు వద్దు. మనం మామిడి చెట్టు కనబడితే అడ్వాన్స్ చేతిలో పెట్టేసే రకం, నాకు తెలుసు. ఇక్కడ ఆ చెట్టు మీది కాదు. కాయ పండే వేళకి బబూన్లు అనే పెద్ద కోతులు పైనుంచి, ఏనుగు కంచె అవతలనుంచి వస్తాయి. ఏనుగుకి మామిడి వాసన తగిలితే ఇనుప కంచె లెక్కలోకి రాదు. ఏనుగులు ఇష్టంగా తినే పండ్లు కాసే ఇక్కడి మరూలా చెట్టుకీ ఇదే మాట.

కంచె చుట్టూ ఒకసారి వంగి నడవండి. వార్ట్‌హాగ్‌లు కింద మట్టి తవ్వి దారి చేసుకుంటాయి. ఆ కంతలోంచి కుక్కలొస్తాయి, ముంగిసలొస్తాయి. రాళ్లు పేర్చి పూడ్చేయించండి. చదువు గదికి కిటికీ దోమతెరతో ఉండాలి, అది వీధి వైపు ఉండాలి. వంటగదిలో చదువు పెట్టకండి. ఎందుకో బబూన్ల దగ్గర చెబుతాను.

అక్షరాలకంటే ముందు స్టాచ్యూ ఆట

మన పిల్లలకు స్టాచ్యూ ఆట తెలుసుగా. ‘స్టాచ్యూ’ అనగానే ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోవాలి. ఆ ఆటనే ఇక్కడ ప్రాణం కాపాడే అలవాటుగా మార్చుకోవచ్చు. మొదటి రెండు వారాలు పుస్తకం తీయకపోయినా ఫర్వాలేదు, ఈ ఆట మాత్రం రోజుకి పదిసార్లు ఆడించండి. అన్నం తినేటప్పుడు, షూ వేసుకునేటప్పుడు, పరిగెత్తేటప్పుడు. మీరు గొంతు పెంచకుండా ‘స్టాచ్యూ’ అనాలి. వాళ్లు ఆగాలి. తర్వాత ‘వెనక్కి’ అనాలి. వాళ్లు వీపు తిప్పకుండా, ఎదురుగా చూస్తూనే ఒక్కో అడుగు వెనక్కి వేయాలి. పరుగు అసలు వద్దు. పరిగెత్తే బుజ్జి ఆకారాన్ని చూస్తే వెంటపడాలనిపించే జంతువులు ఇక్కడ చాలానే ఉన్నాయి.

మాకు ఇది రెండో నెలలోనే పనికొచ్చింది. సాయంత్రం గేటు తీయబోతుంటే పక్క పొదలో ఆకులు కదిలాయి. గాలి లేదు. నేను స్టాచ్యూ అన్నాను. పొదలోంచి ముందు ఒక తొండం చివర బయటికొచ్చింది, గాల్లో అటూ ఇటూ వాసన చూసింది, మళ్లీ లోపలికి పోయింది. పదిహేను గజాలు కూడా ఉండదు. తల్లి ఏనుగు, దాని కాళ్ల మధ్య పిల్ల. వెనక్కి వెనక్కి నడిచి తలుపు వేసుకున్నాక చిన్నోడు అడిగింది ఒకటే, “అమ్మా, ఆ తొండానికి కొసన రెండు వేళ్లున్నాయి, చూశావా?” వాడన్నది నిజమే. ఆఫ్రికా ఏనుగు తొండం చివర రెండు కొసలుంటాయి. మన ఏనుగుకి ఒకటే. నాకు అప్పుడు అది చూసేంత ధైర్యం ఎక్కడిది.

ఏనుగు మనసు చదవడం పిల్లలకు నేర్పండి. చాటంత చెవులు మెల్లగా ఊపుతూ మేస్తుంటే అది ఎండకు విసురుకుంటోంది. తల పైకెత్తి, చెవులు విప్పార్చి, కాలితో మట్టి లేపి ఘీంకరిస్తే ‘దగ్గరికి రావద్దు’ అని హెచ్చరిక. చెవులు వెనక్కి అణిచి, తొండం లోపలికి చుట్టి, చప్పుడు లేకుండా వస్తే అది ఉత్త బెదిరింపు కాదు, నిజంగా మీదికే వస్తోందని. కంటికీ చెవికీ మధ్య నల్లగా కారిన చార కనిపిస్తే అది మదజలం. ఈ మాట మనకు పద్యాల నుంచే తెలుసు, పిల్లలకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మదమెక్కిన మగ ఏనుగు కనిపిస్తే ఆ పూట ఇంట్లోంచి కదలకండి, అంతే.

ఎవరి వేళ ఎప్పుడో రాసి గోడకు అంటించండి

మా చదువు గదిలో ప్రపంచ పటం పక్కన ఒక అట్ట ఉంటుంది. దాని మీద పాఠాల వేళలు కాదు, జంతువుల వేళలు ఉంటాయి. పిల్లలే రాశారు, ఏడాదిపాటు చూసి మార్చుకుంటూ వచ్చారు.

తెల్లవారుజామున నీటిగుర్రాలు నదికి తిరిగి వెళ్తాయి. రాత్రంతా గట్టు మీద గడ్డి మేస్తాయి, ఊళ్లోకీ వస్తాయి. నీటికీ నీటిగుర్రానికీ మధ్య నిలబడకూడదు, ఇది తిరుగులేని రూలు. అందుకే చీకటి పడ్డాక, తెల్లారకముందు గేటు బయట అడుగు పెట్టడం లేదు. పెద్దవాళ్లకైనా కారు ఉంటేనే.

పొద్దు ఎక్కాక ఎనిమిదింటికి చారల ముంగిసలు వస్తాయి. మన ముంగిసలా ఒంటరిగా తిరగవు. ఇరవై, ముప్పై కలిసి కిచకిచలాడుతూ వీధంతా ఊడ్చుకుంటూ పోతాయి. గుడ్డో నత్తో దొరికితే వెనక్కి తిరిగి, వెనక కాళ్ల మధ్యలోంచి రాయికేసి విసిరి పగలగొడతాయి. ఆ పని చూస్తూ మా వాడు ఒక పూట తెలుగు వాచకం వదిలేశాడు, నేనూ వదిలేశాను. కానీ ముట్టుకోనివ్వను. రేబిస్ భయం ఒకటి. దానికి తోడు చోబే ముంగిసల్లో ఒక ప్రత్యేకమైన టీబీ క్రిమి ఉందని 2010లో శాస్త్రవేత్తలు గుర్తించారు.

మధ్యాహ్నం ఎండలో అన్నీ నీడన పడుకుంటాయి. మనమూ అంతే. మూడు దాటాక ఏనుగులు దిగుతాయి. ఆరింటికి తలుపులు.

ఈ అట్ట ప్రకారం మా చదువు వేళలు ఇలా కుదిరాయి. వేసవిలో 5:45కి లేపుతాను. వరండాలో నోటు పుస్తకంతో అరగంట కూర్చుంటారు, కనిపించింది రాస్తారు. ఏడింటి నుంచి పదిన్నర దాకా లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు. బుర్ర పనిచేసేది అప్పుడే. అక్టోబరులో 40 డిగ్రీల దగ్గరకు పోతుంది, పదకొండు దాటాక భాగహారం చెప్పడం వృథా. మధ్యాహ్నం ఒకటిన్నరకి ఆన్‌లైన్ తెలుగు క్లాసు. మనకన్నా ఇక్కడ మూడున్నర గంటలు వెనక కాబట్టి ఇండియాలో సాయంత్రం ఐదు, టీచరుకీ వీలు. నాలుగున్నర నుంచి పక్కింటి పిల్లలతో ఆట, కాంపౌండ్ లోపలే. జూన్, జూలైలో పొద్దు ఆరున్నర దాటితే గానీ రాదు, స్వెటర్లు వేసుకునేంత చలి, సాయంత్రం ఆరు కాకముందే చీకటి. అప్పుడు అన్నీ గంట ముందుకీ వెనక్కీ జరుగుతాయి.

ఏనుగు వస్తే పాఠం ఆపేయడం మా ఇంట్లో హక్కు. వార్ట్‌హాగ్ వస్తే ఆపం. మొదట్లో ప్రతి వార్ట్‌హాగ్‌కీ ఆపితే నెల తిరిగేసరికి రెండు పాఠాలు కూడా కాలేదు.

బబూన్లు, వడియాలు, నా తప్పు

మా అమ్మ పోస్టులో పంపలేదు, నేనే పెట్టాను గుమ్మడి వడియాలు. డాబా మీద పాత చీర పరిచి, చుట్టూ రాళ్లు పెట్టి, చక్కగా వరసలు తీర్చి వచ్చాను. వంటింటి కిటికీ కూడా తెరిచే ఉంది. అరగంట తర్వాత పైన ధబధబ చప్పుడు. ఒక పెద్ద మగ బబూన్ చీర మధ్యలో కూర్చుని ఒక్కో వడియం ఎత్తి వాసన చూసి నోట్లో వేసుకుంటోంది. ఇంకోటి కిటికీలోంచి లోపలికి దిగి ఆవకాయ జాడీ మూత తీసింది. చెయ్యి పెట్టింది, నాకింది, ఒక్క అరుపు అరిచి జాడీ వదిలేసింది. నేల మీద నూనె, కారం, గాజు పెంకులు. పిల్లలు పక్క గదిలో ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఆ మధ్యలోకి వాళ్లు వచ్చి ఉంటే అనే ఆలోచన ఇప్పటికీ వస్తుంది.

కాబట్టి చేయాల్సినవి. కిటికీలకు మెష్ ఉన్నా గడియ వేయండి, వేళ్లతో మెష్ పీకేస్తాయి. చెత్తడబ్బాకు తాళం, లేకపోతే గొలుసు. కారులో పండ్లు కనబడేలా పెట్టకండి. పిల్లల చేతిలో అరటిపండు ఉండగా బబూన్ ఎదురైతే పండు కింద వదిలేసి వెనక్కి నడవమనండి, పట్టుకుని పెనుగులాడకూడదు. కళ్లలోకి తేరిపార చూడకూడదు, పళ్లు కనబడేలా నవ్వకూడదు, అది వాటికి సవాలు. ముద్దొస్తోందని వెర్వెట్ కోతికి బిస్కెట్ వేస్తే రేపట్నుంచి ఆ గుంపు మొత్తం మీ ఇంటి అడ్రసు గుర్తుపెట్టుకుంటుంది. వడియాలు ఇప్పుడు ఇనుప మెష్ పెట్టెలో ఎండబెడుతున్నాను. పెట్టె అయితే భద్రం, ఆ రుచి మాత్రం రాలేదు.

పాములు, తేళ్లు, దోమలు

బ్లాక్ మాంబా పేరు విని అందరూ అదే అడుగుతారు. కానీ పిల్లల విషయంలో నేను ఎక్కువ జాగ్రత్త పడేది పఫ్ ఆడర్ గురించి. లావుగా, మట్టి రంగులో ఉంటుంది. అడుగుల చప్పుడుకి పక్కకు తప్పుకోదు, ఉన్నచోటే పడి ఉంటుంది. చీకట్లో కాలు వేసేది దాని మీదే. టార్చి లేకుండా వరండా కూడా దిగకూడదు. విషం చిమ్మే నాగుపాములున్నాయి. కంట్లో పడితే రుద్దకుండా మంచినీళ్లతో పదిహేను, ఇరవై నిమిషాలు కడుగుతూనే ఉండి ఆసుపత్రికి వెళ్లాలి. కాటు పడితే గట్టిగా కట్టు కట్టడం, కోసి రక్తం పీల్చడం వద్దు. కాలు కదలకుండా ఉంచి బండి ఎక్కించడమే. ఇండియా నుంచి పాము మందు తెచ్చుకుందామా అని ఒకరు అడిగారు. మన నాలుగు పాములకు చేసిన మందు ఇక్కడి పాములకు పనిచేయదు. దగ్గరి ఆసుపత్రిలో ఇక్కడి మందు ఉందో లేదో వచ్చిన మొదటి వారంలోనే వెళ్లి అడగండి.

తేలు విషయంలో పిల్లలకు ఒక గుర్తు చెప్పాను. కొండి లావుగా, పట్టుకునే చేతులు సన్నగా ఉంటే ప్రమాదం ఎక్కువ. చేతులు లావుగా, తోక సన్నగా ఉంటే విషం తక్కువ. అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి కొనండి. చీకటి పడ్డాక వరండా మెట్ల మీద నిలబడి గోడ మీద వేస్తే తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. మా వాళ్లకు అంతకుమించిన దీపావళి లేదు. షూ దులిపి వేసుకోవడం మాత్రం పగలూ రాత్రీ ఉండాల్సిందే.

వీటన్నిటికన్నా పెద్ద శత్రువు దోమ. ఈ ఉత్తరపు వైపు నవంబరు నుంచి జూన్ దాకా మలేరియా కాలం. నివారణ మాత్రలు పిల్లల బరువును బట్టి ఏవి ఇవ్వాలో డాక్టరు చెప్పాలి, మన ఊళ్లో వాడిన క్లోరోక్విన్ ఇక్కడి మలేరియాకి పనిచేయదు. జ్వరం వస్తే ‘రేపు చూద్దాం’ అనకండి, ఆ రోజే రక్త పరీక్ష. నదిలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం లేదు, మొసళ్లు ఒక కారణం, నత్తల ద్వారా వచ్చే బిల్హార్జియా అనే పురుగుల జబ్బు ఇంకో కారణం. బయల్దేరేముందే పిల్లలకు రేబిస్ ముందస్తు టీకాలు వేయించండి. వేయించినా సరే, ఏ జంతువు గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

వీధే పుస్తకం, కానీ నోట్సు కావాలి

చూసినంత మాత్రాన చదువు కాదు. చూసింది కొలిచినప్పుడు, రాసినప్పుడు, ఇంకోదానితో పోల్చినప్పుడు చదువు. నేను వాడే పద్ధతులు కొన్ని చెబుతాను, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ఏనుగు అడుగు లెక్క మాకు బాగా పనికొచ్చింది. ఏనుగులు వెళ్లిపోయిన మర్నాడు, ఎండ బాగా వచ్చాక, ముందు వాళ్ల నాన్న వీధి రెండు వైపులా చూసి వస్తారు. తర్వాత పిల్లలు దారంతో వెళ్తారు. మెత్తటి దుమ్ములో ముందు కాలి ముద్ర గుండ్రంగా, లోపల పగుళ్ల గీతలతో పడి ఉంటుంది. దాని చుట్టూ దారం పరిచి కొలవాలి. ఒకసారి 128 సెంటీమీటర్లు వచ్చింది. ముందు కాలి చుట్టుకొలతకి రెట్టింపు ఏనుగు భుజం ఎత్తు అని మన వైపు ఏనుగులకు చెప్పే లెక్క. ఆఫ్రికా ఏనుగుకి అచ్చంగా సరిపోతుందని కాదు, అంచనాకి చాలు. 256 సెంటీమీటర్లు. ఇంటికొచ్చి స్టూలెక్కి గోడ మీద సుద్దతో గీత పెట్టారు. తలుపు ద్వారబంధం కన్నా జానెడుకు పైనే ఎత్తు. ‘నిన్న మన గేటు ముందు నిలబడింది ఇంత’ అని ఇద్దరూ ఆ గీత కింద నిలబడి చూసుకున్నారు. ఆ ఒక్క గీతతో చుట్టుకొలత, రెట్టింపు, సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చడం అయిపోయాయి. ఆ గీతను ఇప్పటికీ చెరపలేదు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనర్‌కి ఏం చెప్పాలో తెలీదు.

ఏనుగు పేడ ఇంకో పాఠం. తిన్నదాంట్లో సగం కూడా అరగదు దానికి. గ్లౌజులు తొడిగి, ఎండిన ఉండను కర్రతో విప్పితే గడ్డి పోచలు, బెరడు ముక్కలు, గింజలు దొరుకుతాయి. గింజలు ఏరి, పేర్లు కనుక్కుని కుండీల్లో నాటండి. ఆరు నెలల ప్రాజెక్టు. దానికి పొడిగింపు మిరపకాయ. ఆఫ్రికా రైతులు పొలాల్లోకి ఏనుగులు రాకుండా ఎండు మిరప పొడిని ఏనుగు పేడలో కలిపి ఇటుకలు చేసి, ఆరబెట్టి, రాత్రి కాలుస్తారు. ఆ ఘాటుకి ఏనుగు ముక్కు తట్టుకోలేదు. మా అమ్మగారి ఊరు పలమనేరు వైపు. అక్కడ కూడా కౌండిన్య అడవి నుంచి ఏనుగులొచ్చి చెరకు, వరి తొక్కేస్తే టపాకాయలు కాల్చడం నా చిన్నప్పుడు చూశాను. మా అమ్మాయి ఈ రెండు ఊళ్ల గురించి వ్యాసం రాసింది, తెలుగులో రెండు పేజీలు. తనంతట తాను అడక్కుండా రాసిన మొదటి తెలుగు వ్యాసం అది.

పక్షులతో తెలుగు బాగా వస్తుంది. ఇక్కడ లైలాక్ బ్రెస్టెడ్ రోలర్ అని ఊదా రంగు రొమ్ముతో ఒక పిట్ట తీగల మీద కూర్చుంటుంది. మన పాలపిట్టకి చుట్టం, రెండూ ఒకే ప్రజాతి. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట అని చెప్పి దసరా కథతో మొదలుపెట్టాను. కోరీ బస్టర్డ్ అనే పెద్ద పక్షి కనిపించినప్పుడు నంద్యాల జిల్లా (మునుపు కర్నూలు జిల్లా) రోళ్లపాడులో కాపాడుకోవాలని చూసిన బట్టమేక పిట్ట గుర్తొచ్చింది. చెట్లలో బావోబాబ్, బాగా లావు మానున్న ఆఫ్రికా చెట్టు. కసానేలో ఒక బావోబాబ్ తొర్రను ఒకప్పుడు జైలుగా వాడారట. హైదరాబాదులో గోల్కొండ దగ్గర నయా ఖిలాలో ఉన్నదీ ఇదే జాతి మహా వృక్షం. సెలవుల్లో వెళ్లినప్పుడు చూపించండి, ఆఫ్రికా చెట్టు అక్కడికెలా వచ్చిందో పిల్లలే తవ్వుతారు.

భూగోళానికి పడవ చాలు. చోబే నది మధ్యలో సెడుడు దీవి ఉంది. నమీబియా దాన్ని కసికిలి అంటుంది. ఎవరిదని రెండు దేశాలూ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తే 1999 డిసెంబరులో బోట్స్వానాదని తీర్పు వచ్చింది. గొడవంతా నదికి అసలు పాయ ఏది, ఉత్తరపుదా దక్షిణపుదా అని. 1890లో బ్రిటన్, జర్మనీ రాసుకున్న ఒప్పందంలో ‘ప్రధాన పాయ’ అని రాసి ఊరుకున్నారు. పడవలో వెళ్లి రెండు పాయల వెడల్పూ చూసి, మీరైతే ఏమని తీర్పిస్తారని పిల్లల్ని అడగండి. మా చిన్నోడు, తొండాలు పైకెత్తి దీవికి ఈదుకెళ్తున్న ఏనుగుల్ని చూపించి ‘వాళ్లది’ అన్నాడు. మా వాళ్లకు నచ్చిన ఇంకో చోటు కజుంగులా వంతెన. 2021లో తెరిచారు, 923 మీటర్లు. దగ్గర్లోనే నాలుగు దేశాల సరిహద్దులున్నాయి. జింబాబ్వే నేల తగలకుండా వంతెనను వంపుగా కట్టారు. పటం మీద ఆ వంపు ఎందుకో వాళ్లచేతే చెప్పించండి.

నేషనల్ పార్కు లోపల మాత్రం అనుమతించిన చోట్ల తప్ప బండి దిగకూడదు. అడుగులు కొలవడం, గింజలు ఏరడం ఊళ్లోనే.

ఊరి పిల్లలతో కలపండి

ఇంటి బడిలో పెద్ద లోటు స్నేహితులు. జంతువులు ఎన్నున్నా ఆ లోటు తీర్చవు. మా అమ్మాయి మొదటి ఏడాది రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడి బడి యూనిఫాంలో వెళ్లే పిల్లల్ని చూసేది. ఆ సంగతి నేను ఆలస్యంగా గమనించాను.

దారి ఆటల్లో దొరికింది. ఇక్కడి ఆడపిల్లలు నేలలో చిన్న గుంట చేసి, రాళ్లు పోసి, ఒక రాయి పైకెగరేసి అది కింద పడేలోపు మిగతావి లాగుతారు. డికెతో అంటారు. మన అచ్చనగాయలే కదా! మా అమ్మాయి మర్నాడే వాళ్ల మధ్యలో కూర్చుంది. మగపిల్లలు గళ్లు గీసి ఆడే మొరబరాబా మన దాడి ఆటకి పెద్దన్న. ఒకటి మీది నేర్పండి, ఒకటి వాళ్లది నేర్చుకోమనండి.

ఇక్కడి భాష సెట్స్వానాలో ముందు పలకరింపు. పెద్దావిడైతే ‘దుమేలా మ్మా’, పెద్దాయనైతే ‘దుమేలా ర్రా’. పలకరించకుండా నేరుగా విషయంలోకి వెళ్తే పిల్లలకు పెంపకం లేదనుకుంటారు. ఏదైనా ఇచ్చేటప్పుడు కుడి చేత్తో, ఎడమ చెయ్యి కుడి మోచేతికి ఆనించి. తర్వాత జంతువుల పేర్లు. త్లౌ ఏనుగు, తౌ సింహం, కుబు నీటిగుర్రం, క్వెనా మొసలి. త్లౌకీ తౌకీ తేడా పలకడం వచ్చేదాకా వదలకండి. ఎవరైనా అరిస్తే ఏది వస్తోందో తెలియాలిగా.

ఒక్కో వంశానికి ఒక జంతువు ఉంటుంది, దాన్ని చంపరు, తినరు. బక్వెనా వాళ్లకు మొసలి. మనకు గోత్రం ఎలాగో అలా. పిల్లలు ఆటలో ‘ఓ బినా ఎంగ్?’ అని అడుగుతారు, మీ వంశపు జంతువేది అని. మా చిన్నోడు కాసేపు ఆలోచించి ‘పాలపిట్ట’ అన్నాడట. ఇప్పుడు వీధిలో వాడి పేరు అదే.

తిండి దగ్గర బెంగ పడకండి. బొగొబే అంటే జొన్న సంకటే. అలసంద ఆకుల కూర కూడా ఉంది. ఇక్కడి డబ్బు పులా, 5 పులా నాణెం మీద మొపానే పురుగు బొమ్మ ఉంటుంది, ఆ పురుగును వేయించి తింటారు. మా ఇంట్లో నాణెం దాకానే.

కాగితాలు

ఇది చిన్నదే కానీ మరిచిపోతే పెద్ద తలనొప్పి. 18 ఏళ్ల లోపు పిల్లలతో సరిహద్దు దాటేటప్పుడు ధ్రువీకరించిన జనన పత్రం అడుగుతారు. తల్లో తండ్రో ఒక్కరే వెంట ఉంటే రెండోవారి అంగీకార పత్రం కూడా. ఆ కాపీలు కారులోనే ఉంచండి. ఇంట్లో చదివించే విషయం స్థానిక విద్యా కార్యాలయానికి వెళ్లి ముందే రాతపూర్వకంగా అడగండి. మొదటిసారి నేను వెళ్లిన ఆఫీసులో ఒకరు సరేనన్నారు, నెల తర్వాత ఇంకొకరు కాదన్నారు. కాగితం లేకపోయేసరికి నేను మూడుసార్లు తిరిగాను.

పరీక్షల సంగతి పిల్లకు 12 వచ్చేలోపు తేల్చుకోండి. తిరిగి ఇండియా వచ్చే ఆలోచన ఉంటే జాతీయ ఓపెన్ స్కూల్ పదో తరగతి ఒక దారి. 14 నిండాలి, తెలుగును కూడా ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. పరీక్షా కేంద్రం ఎక్కడో ముందే కనుక్కోండి. కేంబ్రిడ్జి పరీక్షలు ప్రైవేటుగా రాయించొచ్చు, ఖర్చు ఎక్కువ, సైన్సు ప్రయోగాలకు ఏర్పాటు వెతుక్కోవాలి. ఏ దారైనా రోజువారీ నోట్సు, తేదీలతో సహా, దాచండి. మా అల్మరాలో ఏనుగు అడుగుల పుస్తకాలే తొమ్మిది.

ఇండియాకి సెలవులకు వెళ్లేముందు ఎల్లో ఫీవర్ సంగతి చూసుకోండి. ఆ జ్వరం ఉన్న దేశాల మీదుగా విమానం మారితే టీకా పత్రం అడగొచ్చు. టీకా వేయించిన పది రోజులకు గానీ పత్రం చెల్లదు. కాబట్టి ముందు రోజు పరుగెత్తితే లాభం లేదు.

పెట్టె సర్దాక పిల్లల జేబులు మీరే వెతకండి. ఎముక, ఈక, దంతం, గోరు, ఏదీ దేశం దాటకూడదు, కస్టమ్స్ వాళ్లకు పిల్లలన్న జాలి ఉండదు. పోయిన వేసవిలో మా వాడి నిక్కరు జేబులో ముళ్లపంది ముల్లు ఒకటి, వార్ట్‌హాగ్ పన్ను ఒకటి, ఎండిన పేడలోంచి ఏరిన గింజలు ఏడు దొరికాయి. అన్నీ కిటికీ అంచున వరసగా పెట్టించాను. తిరిగొచ్చాక చూస్తే ముల్లూ పన్నూ ఉన్నాయి, గింజలు లేవు. కిటికీ గడియ నేను సరిగ్గా వేయలేదు.